ఇంజను నడుమన ఉన్న కారులో బైరకూరు నుంచి ఊరిగాం దాకా

ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి రాబర్ట్‌సన్‌పేట బస్టాండులో ముళబాగిలు బస్సు ఎక్కాము, నేనూ మా చెల్లెలి కూతురు వనజా. వెళ్తున్నది ఒక పాత కారు చూడటానికి. బాగుంటే అదే కారులో తిరిగి రావాలి, లేదంటే సాయంత్రం మళ్ళీ ఇదే బస్సు. అందుకని వనజ పోవడానికి మాత్రమే టిక్కెట్లు తీస్తూ ఉంటే, వచ్చేటప్పటి చార్జీకి కూడా చిల్లర విడిగా ఉంచుకోమని చెప్పాను.

వనజకు ముప్పై ఎనిమిదేళ్ళు. వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో సామాన్ల నాణ్యత పరీక్షించే ఇంజనీరు. కాలేజీలో చదివేటప్పటి నుంచీ ఆమెకు ఒక కోరిక ఉంది. ఇంజను ముందు కాకుండా, సీట్లకూ వెనక చక్రాలకూ నడుమన ఉండే రెండు సీట్ల కారు ఒకటి తనదై ఉండాలని. కొత్తది కొనాలంటే ఇల్లు అమ్మినా చాలదు. పాతది మన దేశంలో కంటికి కనబడటమే అరుదు. అలాంటిది, ఫ్యాక్టరీలో ఆమెతో పనిచేసే బైరకూరు మనిషి ఒకరు, తమ ఊళ్ళో ఒక రైతు పట్టుపురుగుల కొట్టంలో అచ్చం అలాంటి కారే దుమ్ము పట్టి ఉందని చెప్పారట. ధర లక్షా పదివేలు. ఒక మంచి మోటారు సైకిలుకు అయ్యే ఖర్చు.

డబ్బు వనజదే. అయితే ఆమె ఉండేది కోలారులో మూడో అంతస్తులో. కారుకు నీడ ఉన్న చోటు మా ఊరిగాం ఇల్లు ఒక్కటే. బంగారు గనుల కాలంనాటి క్వార్టర్సు, పెద్ద కాంపౌండు, పక్కన రేకుల షెడ్డు. కాబట్టి నేను సరే అంటేనే కారు. నేను ఒక షరతు మీద సరే అన్నాను: బైరకూరు నుంచి ఊరిగాం దాకా ఎవరూ తొయ్యకుండా, ఎవరూ లాగకుండా, ఆ కారు తన ఇంజనుతో తాను రావాలి. దారిలో నిలిచిపోతే ఆ మాట అక్కడితో సరి.

ఇది పెంకితనం అనుకోకండి. గనులు మూతబడి ఇన్నేళ్ళయినా మా ఊళ్ళో గనిలోకి దిగే షాఫ్టుల మీది చక్రాలు అలాగే నిలబడి ఉన్నాయి. మా ఇంటి కిటికీలోంచి చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ చక్రం ఎటు తిరుగుతోందో చూసి, మనుషులు లోపలికి దిగుతున్నారో పైకి వస్తున్నారో చెప్పేవాళ్ళం. నడవని యంత్రాలను రోజూ చూసే మనిషిని నేను. నా కాంపౌండులో మరొకటి వద్దు.

బేతమంగళంలో ఒకావిడ టమాటా బుట్టతో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఎక్కడికి, ఎందుకు అని అడిగింది. కారు కొనడానికన్నాను. ఎంతమంది పడతారంది. ఇద్దరన్నాను.

"ఇంగ పిల్లోళ్ళు యాడ కూర్చుంటారు?"

పిల్లలు లేరని వనజ ముందు సీటు నుంచి తిరిగి చెప్పింది.

"పోనీ, వెనకాల ఒక గొర్రెనన్నా పెట్టుకోవచ్చునా?"

వెనకాల ఇంజను ఉందని చెప్పాను. ఆవిడ ముళబాగిలు వచ్చేదాకా ఆలోచించి, దిగేటప్పుడు నా చెవి దగ్గర, "గొర్రె కూడా పట్టదంటా ఉండారు. బాగా తగ్గించి అడగండమ్మా," అంది.

ముళబాగిలులో ఎనిమిది లోపల దిగాము. బస్టాండు దగ్గర చెరొక మసాలా దోసె, ఒక కాఫీ. దోసె అక్కడ తినవలసిందే, దాని గురించి కొత్తగా రాయను. ఎనిమిదిన్నరకు బైరకూరు బస్సు దొరికింది. తొమ్మిదింబావుకు చేరాము.

కారు యజమాని నారాయణప్ప రాగి, మామిడి పండిస్తాడు, రెండు ఆవులున్నాయి, పట్టుపురుగులు పెంచుతాడు. ఆయన బావమరిది సింగపూరులో ఓడల మరమ్మతు పని చేసి తిరిగి వస్తూ ఆ కారు తెచ్చుకున్నాడట. సుంకాలు కట్టిన రసీదులు, రిజిస్ట్రేషను, అన్నీ సరిగా ఉన్నాయి. ఒక్కొక్కటే చదివాను. చదువుతున్నంతసేపూ నారాయణప్ప నన్ను ఓర్పుగా చూస్తూ కూర్చున్నాడు.

"నాలుగేండ్లు బాగా తిప్పినాడమ్మా మా బామ్మర్ది. ఇంగ మోకాళ్ళు పోయినాయి. దీంట్లో కూర్చుంటే లేపేకి ఇద్దరు కావాల. నాకేమో దీంట్లో పాల క్యాను కూడా పట్టదు. ఏం చేసేది?"

నారాయణప్ప ఇన్నాళ్ళూ ఒక కొట్టంతో సరిపెట్టుకున్నాడు. ఈసారి కారు ఉన్న రెండో కొట్టంలోనూ పురుగులు పెడుతున్నాడు. గురువారం పురుగులు వస్తాయి. అంతలోపల కొట్టం కడగాలి, మందు కొట్టాలి, ఆరబెట్టాలి. పెట్రోలు వాసన తగిలితే పురుగు ఆకు ముట్టదు. కాబట్టి కారు ఈరోజే బయటికి పోవాలి. కోలారు నుంచి పాత ఇనుము కొనేవాణ్ణి సాయంత్రానికి రమ్మని చెప్పి ఉంచాడు.

"నాలుగ్గంటల లోపల ఫోన్ చేసి చెప్పండమ్మా, తీసుకుంటారా లేదా అని. చెప్పకపోతే వాడు బయలుదేరతాడు. మీకు దారిలో యాడ నిలిస్తే ఆడికే పోయి కోసుకొని పోతాడు. నేనేం వద్దనను."

వనజ ముఖం చూశాను. ఆమె కారు చుట్టూ తిరుగుతూ గాలి తగ్గిందేమోనని టైర్లు నొక్కి చూస్తోంది. అప్పటికి రెండు ఆదివారాలు ఆమె ఒక్కతే వచ్చి దానికి పని చేసి ఉంది. పాత పెట్రోలు తీసేసి ట్యాంకు కడిగింది. ఆయిలు, బ్యాటరీ, ప్లగ్గులు, బెల్టు మార్చింది. బ్రేకులు విప్పి శుభ్రం చేసింది. సగం సామాన్లు మన రోడ్ల మీద తిరిగే మామూలు కార్లవే సరిపోయాయట. ఇది పాఠకులు గుర్తుంచుకోవలసిన సంగతి. ఇలాంటి కారు కొనేముందు, దాని ఇంజను అదే కంపెనీ వేరే మామూలు కారులో కూడా వాడిందా అని అడగండి. వాడి ఉంటే భయం లేదు.

ఇక కారు. తెల్లనిది. దాని పైకప్పు నా భుజం దాకా కూడా రాదు. మీట నొక్కితే ముందు దీపాలు నిద్రలోంచి లేచినట్టు పైకి లేస్తాయి, మళ్ళీ నొక్కితే పడుకుంటాయి. ముందు మూత తెరిస్తే ఒక అదనపు చక్రం, దాని ముందర రేడియేటరు. ఇంజను వెనక మూత కింద, అడ్డంగా, చక్కగా సర్ది ఉంది. నీళ్ళ గొట్టాలు కారు అడుగు నుంచి ముందుకూ వెనక్కూ పోతాయి. రెండు తలుపుల వెనకా పక్కటెముకల్లాంటి చీలికలున్నాయి. ఇంజను ఊపిరి పీల్చుకునేది ఎడమవైపు వాటి గుండానే అని వనజ చూపించింది.

ఇంజను నడుమన ఉంటే ఏమిటి లాభమని అడిగాను. నీళ్ళ బిందె చంకనెత్తుకున్న మనిషినీ, చేయి చాచి పట్టుకున్న మనిషినీ గిర్రున తిరగమంటే ఎవరు తేలిగ్గా తిరుగుతారో చెప్పమంది. నేను ముప్పై ఒక్క ఏళ్ళు గణితం చెప్పినదాన్ని, అంతకంటే బాగా చెప్పగలిగేదాన్ని కాదు.

కారులోకి ఎక్కడం అనకూడదు, దిగడమే. మొదట బయటికి తిరిగి కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకోవాలి. నాకు రెండోసారికే వచ్చింది.

పదీ పదికి బయలుదేరాము. ఇంజను చప్పుడు ముందు నుంచి కాకుండా వీపు వెనక నుంచి వస్తుంది, పక్కగదిలో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు. ముళబాగిలు దారిలో మలుపులు చాలా ఉన్నాయి. బస్సులో వచ్చేటప్పుడు ప్రతి మలుపుకూ ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను. కారులో నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. అది మలుపు తిరుగుతున్నట్టు ఉండదు, రోడ్డే పక్కకు జరిగి దారి ఇస్తున్నట్టు ఉంటుంది. హైవే మీద దేవరాయసముద్రం దాకా ఇంజను వేడి చూపే ముల్లు సగానికి కొంచెం కిందే నిలిచింది. దాన్ని నేను వదలకుండా చూస్తున్నాను. వనజ రోడ్డు చూస్తోంది, అప్పుడప్పుడు నన్ను.

అక్కడ ఎడమకు తిరిగి ఆవనికి పోదామన్నది నేనే. ఇంటికి వచ్చే బండికి పూజ చేయించకుండా ఎలా?

"ఇంగా కొనలేదు గదా పెద్దమ్మా," అంది వనజ.

కొంటామో లేదో తేలేదాకా దేవుణ్ణి ఆగమనలేం కదా అన్నాను. పదకొండున్నరకు ఆవని గుడి ముందు ఆపాము. ఆరు మూరల చామంతి దండ కొన్నాను. పూజారి అలవాటు కొద్దీ ముందు మూత తెరిపించాడు. ఇంజను బదులు చక్రం కనబడితే ఒక క్షణం ఆగి, దానికే కుంకుమ పెట్టాడు. తర్వాత వెనక్కి వచ్చి ఇంజనుకూ పెట్టి, రెండింటికీ హారతి ఇచ్చాడు. దండ కట్టే దగ్గరే చిక్కొచ్చింది. ఏ బండికైనా దండ కట్టడానికి ముందు ఒక కడ్డీయో కొక్కెమో ఉంటుంది. ఈ కారు ఒళ్ళంతా నున్నగా ఉంది. పూలమ్మే ఆమె చుట్టూ తిరిగి చూసి, దండను రెండుగా తుంచి, చెరొక వైపు మూడేసి మూరలు, తలుపుల వెనక చీలికల్లోకి కొనలు దోపి వేలాడదీసింది. చాలా అందంగా ఉంది. నేను ఆమెకు అయిదు రూపాయలు ఎక్కువిచ్చాను.

గుడి అరుగు మీద ఇంటి నుంచి తెచ్చుకున్న చిత్రాన్నం తిని, పెరుగన్నం తిని, కాసేపు నీడన కూర్చుని ఒంటిగంటకు కదిలాము. పల్లెల మీదుగా బేతమంగళం చేరి ఇంటికి పోవాలని లెక్క. అయిదారు కిలోమీటర్లు బాగానే పోయింది. తర్వాత ఒక ఏటవాలు ఎక్కుతుండగా కారుకు బలం తగ్గింది. వనజ గేరు తగ్గించింది. ఇంకా తగ్గించింది. కారు దగ్గినట్టు దగ్గి, మామిడితోపు పక్కన నిలిచిపోయింది. ముల్లు చూశాను. సగానికి కిందే ఉంది.

వనజ దిగి వెనక మూత తెరిచింది. పెట్రోలు వస్తోంది. ప్లగ్గుల తీగలు ఊడలేదు. స్టార్టు చేస్తే రెండు క్షణాలు మొరిగి, నల్లటి పొగ వదిలి ఆగిపోతోంది. పాత ట్యాంకులో మడ్డి ఇంకా మిగిలి ఉందేమోనని గొట్టం ఊడదీసి మళ్ళీ చూసింది. వెనక నుంచి మామిడికాయల ట్రాక్టరు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, చుట్టూ చూసి, "తోసేదా అమ్మా?" అన్నాడు.

"వద్దప్పా," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. వనజకు అయింది. ఆమె చేతులు తుడుచుకుని రోడ్డు అంచున రాయి మీద కూర్చుంది.

"పెద్దమ్మా, నీ షరతు నీది. నేనేం అడగను. ఆ ఇనుము వాడు వచ్చేటప్పుడు మాత్రం నేను ఈడ ఉండను. బస్సుకి పోతాను."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు జవాబు చెప్పడం తేలికయ్యేది. నేను కారు చుట్టూ ఒకసారి తిరిగాను. కుడివైపు దండ మోకాలి కింది దాకా వేలాడుతోంది. ఎడమవైపు దండ జానెడు మాత్రమే ఉంది. చెరొక వైపు మూడు మూరలని నేను కళ్ళారా చూసి డబ్బిచ్చాను. రోడ్డు మీద చూశాను, వెనక చాలాదూరం చూశాను. తెగిపడిన దండ ఎక్కడా లేదు.

"వనజా, ఎడమవైపు పూలు యాడికి పోయినాయి?"

ఆమె లేచి వచ్చి ఆ జానెడు దండనూ చూసింది, చీలికలనూ చూసింది. పనిముట్ల సంచి తెచ్చి, ఇంజను పక్కన గాలి వడపోసే డబ్బా విప్పింది. లోపల రెండున్నర మూరల చామంతి, దారంతో సహా, చుట్ట చుట్టుకుని నోటికి అడ్డంగా కూరుకుని ఉంది. కారు వేగం పెరిగేకొద్దీ ఇంజను ఊపిరితో పాటు నా దండను మింగుతూ వచ్చింది. మేము పెట్టింది ముక్కులో.

ట్రాక్టరు డ్రైవరు వంగి చూసి, "దేవుని పూలతో బండికి ఊపిరి ఆడకుండా చేసినారే అమ్మా," అని నవ్వడం మొదలుపెట్టాడు. వనజ కూడా నవ్వింది, చేతుల నిండా పసుపు రేకులతో. దారం ముక్క ఒకటి లోపల చిక్కుకుంటే నా తల పిన్నుతో లాగాము. డబ్బా బిగించి తాళం తిప్పగానే ఇంజను మొదటి పిలుపుకే పలికింది.

రెండుంబావు అయింది. వనజ ఎక్కి కూర్చుని ముందుకు పోబోతే, కారు వెనక్కి తిప్పమన్నాను.

"వెనక్కా? యాడికి?"

"ఆవనికి. దండ వేసింది మనం. నిలిచింది దాని తప్పు గాదు, దానికి మార్కులు తీసెయ్యను. అట్లని పరీక్ష సగంలో నుంచి రాయనిచ్చేదీ లేదు. ఆడి నుంచి మళ్ళీ రావాల."

"నాలుగ్గంటలకి ఫోన్ చెయ్యాల పెద్దమ్మా. మర్చిపోయినావా?"

మర్చిపోలేదన్నాను. ఆమె కారు తిప్పింది. ఆవని గుడి ముందు ఒక్క నిమిషం ఆగి, మిగిలిన కుడి దండ కూడా తీసి గుడి మెట్ల మీద పెట్టి, రెండున్నరకు మళ్ళీ బయలుదేరాము. ఈసారి ఆ ఏటవాలును కారు మూడో గేరులో ఎక్కింది. ట్రాక్టరు అక్కడే, తోపులో పెట్టెలు ఎక్కించుకుంటోంది. డ్రైవరు చేయెత్తాడు.

బేతమంగళానికి ఇవతల ఆశించనిది ఎదురైంది. ఒక లారీ చక్రం ఊడి రోడ్డుకు అడ్డంగా నిలిచింది. రెండు వైపులా బస్సులు, బండ్లు. కదలడం లేదు. నడిరోడ్డు మీద మండుటెండలో, రోడ్డుకు జానెడు ఎత్తున కూర్చుని, ముందున్న బస్సు వెనక చక్రాలు చూస్తూ ఉన్నాము. నాకు ముల్లు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. ముల్లు సగం దాటింది. ముందు మూత కింద పంకా తిరిగిన చప్పుడు వినబడింది. ముల్లు మళ్ళీ సగానికి వచ్చింది. ఇలా అయిదారుసార్లు. పక్కన ఒక కొత్త కారు మూత ఎత్తుకుని ఆవిరి కక్కుతోంది. మాది ఎంత ఎండలో ఎంతసేపు నిలబెట్టినా పంకా వేసుకుంటూ, చల్లబడుతూ, మళ్ళీ వేసుకుంటూ, పద్ధతిగా, తన పని తాను చేసుకుంటోంది. చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్లలంటే నాకు ఎప్పుడూ ఇష్టమే.

నాలుగింటికి పది నిమిషాలుంది. ఇంటికి ఇంకా పదిహేను కిలోమీటర్ల పైనే. వనజ గడియారం చూసి, నన్ను చూడకుండా మళ్ళీ బస్సు చక్రాలు చూసింది.

నేను ఫోను తీసి నారాయణప్పకు చేశాను. కారు ఉంచుకుంటున్నామని చెప్పాను.

"ఇల్లు చేరినారా అమ్మా?"

"లేదప్పా. బేతమంగళం కాడ నిలబడి ఉండాము."

పొద్దున నా షరతు ఆయన ముందరే మూడుసార్లు చెప్పి ఉన్నాను.

"నిలిచిపోయిందా?"

"రోడ్డు నిలిచింది. కారు నిలవలేదు. అది చేరుతుంది. ఆ మనిషిని రావద్దని చెప్పు."

"అట్లే కానీండమ్మా," అన్నాడు. వెనకాల ఎవరో చీపురుతో నీళ్ళు కొడుతున్న చప్పుడు వినబడింది. కొట్టం అప్పుడే కడగడం మొదలుపెట్టినట్టున్నారు.

ఫోను సంచిలో పెట్టుకున్నాను. అంతలో బస్సు కదిలింది. వనజకు గేరు సరిగా పడక కారు ఒక్కసారి ఎగిరి నిలిచింది. ఆ రోజంతటిలో ఆమె చేసిన తప్పు అదొక్కటే. దాన్ని కూడా కారు లెక్కలో వెయ్యలేదు.

ఇలాంటిది కొనదలచినవారికి ఖర్చు సంగతి చెప్పాలి. కారు కొని ఏడాది అయింది. వారానికి ఒకరోజు తిప్పుతాము. లీటరుకు పదకొండు కిలోమీటర్లు వస్తుంది. నాలుగు టైర్లు మార్చాము, నీళ్ళ గొట్టం ఒకటి మార్చాము. దీపాలు పైకి లేపే చిన్న మోటారు ఒకటి మొరాయిస్తే, వనజే విప్పి బాగుచేసింది. నీళ్ళు మార్చినప్పుడు గొట్టాల్లో గాలి లేకుండా తీయించాలి. పొడుగాటి గొట్టాలు కాబట్టి ఇది ముఖ్యం, తెలియనివాళ్ళు దీన్ని వదిలేసి ఇంజను పాడుచేసుకుంటారు. ఇన్సూరెన్సుతో కలిపి మొదటి ఏడాది ముప్పై ఎనిమిది వేలైంది. తక్కువ కాదు. కానీ ఆ డబ్బుకు ఇంత తెలివిగా చేసిన వస్తువును నేను మరొకటి చూడలేదు. ఎక్కడా ఒక అంగుళం వృథాగా లేదు, ఎక్కడా ఒక అంగుళం చాలక ఇరుక్కుని లేదు. ఎవరో కూర్చుని, బరువులన్నీ తూచి, నడుమ ఎక్కడుండాలో అక్కడ ఉంచారు. సామాన్లు పట్టవు, నిజమే. రెండు సంచులు, ఒక టిఫిను డబ్బా. ఇద్దరు ఆడవాళ్ళు ఒక పగలు తిరిగి రావడానికి అంతకంటే ఏం కావాలి?

ఆ సాయంత్రం రాబర్ట్‌సన్‌పేట దాటేసరికి ఎండ వాలింది. బంగారం తీశాక మిగిలిన మట్టి, సైనైడు దిబ్బల మీద వెలుగు పడుతోంది. వనజ చేతులు ఇప్పుడు స్టీరింగును పట్టుకుని లేవు, దాని మీద ఆనించి ఉన్నాయి. వేడి ముల్లు ఎక్కడుందో నేను చూడలేదు. ఊరిగాం స్టేషను దగ్గర మలుపు వచ్చింది. కారు దాన్ని వేగం తగ్గించకుండా, ఏమీ కానట్టు తిరిగింది. ఇంకో రెండు నిమిషాలకు మా గేటు కనిపించింది. అయిదు కావస్తోంది. వనజ కాలు బ్రేకు మీదికి పోయింది.

"తిన్నగా పోనీ," అన్నాను. "ఆ చివర మారికుప్పం దాకా పోయి వద్దాం."